వరదకు మంగళభాష

ప్రధాన సంచాలకులు ధన్వాడ చిదంబరం గారి కుమార్తె వివాహంలో గట్టిమేళం ఒక్క క్షణం ఆలస్యం కాకపోయి ఉంటే, చిట్టిగెడ్డ నేటికీ మామూలు తెలుగులోనే పొంగుతూ ఉండేది.

తాళి కట్టే వేళ ఎవరి నోటనైనా రాకూడని మాట వస్తే, అది వధూవరుల చెవిన పడకముందే డోళ్లూ సన్నాయిలూ ఏకమై దాన్ని మింగివేయాలన్నది గట్టిమేళం పరమార్థం. ఆనాడు డోలు వాయించవలసిన పెద్దమనిషి కర్ర కనబడక జంపఖానా ఎత్తి వెతుక్కుంటున్నాడు. వరుడు మొదటి ముడి వేస్తున్నాడు. మంటపమంతా ఊపిరి బిగబట్టి చూస్తున్నది. సరిగ్గా అప్పుడు సంచాలకులవారి జేబులోని ఫోను, తనకు అప్పగించిన బాధ్యతను అక్షరాలా నిర్వర్తిస్తూ, ఉచ్చస్వరంతో ఇలా ప్రకటించింది: "ప్రమాదం. గెడ్డ పొంగింది. వెంటనే గట్టెక్కండి. ప్రాణాలు దక్కించుకోండి."

వరుడి చేయి ముడి మధ్యలో ఆగింది. ఈ సలహా ప్రధానంగా అతనికే వర్తిస్తుందని వెనక వరసలో ఎవరో వ్యాఖ్యానించారు. వియ్యపురాలు ముఖం అటు తిప్పుకున్నారు. తిప్పుకున్న ముఖాన్ని అప్పగింతల దాకా మళ్లీ ఇటు తిప్పలేదు.

సంచాలకులవారు పరిపాలించే సంస్థ పేరు గిరిప్రాంత జలస్థాయి పరిశీలక మండలి. కొండల్లో గెడ్డలు, అంటే కొండవాగులు, పుట్టే చోట్ల ఇనుప స్తంభాలు పాతి, వాటికి పెట్టెలు బిగించి, నీటి ఎత్తునూ వాన కొలతనూ యంత్రాల చేత నమోదు చేయించడం దాని పని. నీరు ముందుగా నిర్ణయించిన హద్దు దాటితే పెట్టె ఒక సందేశం పంపుతుంది. ఆ లోయల్లో సెల్‌ఫోను పలకదు కనుక సందేశాన్ని గుమ్మకొండ మీది అంచె కేంద్రం రేడియోలో అందుకుంటుంది. అందుకుని కింద తురాయివలస వంతెన దగ్గరి మైకుకూ, జిల్లా అగ్నిమాపక కార్యాలయానికీ, నగరంలోని ప్రధాన కార్యాలయానికీ, అక్కడినుంచి సంచాలకులవారి ఫోనుకూ చేరవేస్తుంది. పెళ్లిపందిట్లో మోగినది ఈ ఏర్పాటులో చిట్టచివరి కొస. మొదటి కొసన, అదే క్షణంలో, పారమ్మ అనే ఆవిడ తన బాతులను గెడ్డలోంచి గట్టు మీదికి తోలుకున్నది. ఈ రెండో విషయం మండలి రికార్డులలో లేదు.

పారమ్మ భర్త లేని మనిషి. చిట్టిగెడ్డ ఇసుకలో నిలిచే మడుగుల్లో నత్తలుంటాయి, నత్తల కోసం బాతులు దిగుతాయి, బాతుల కోసం పారమ్మ దిగుతుంది. వేరే జీవనాధారం ఆమెకు లేదు. కొండల్లో వాన పడితే కింద ఎండ కాస్తుండగానే నీరు వచ్చి పడడం ఆ గెడ్డకు అలవాటు. మైకు చెప్పకపోతే ఆ సంగతి తెలిసే మార్గం ఎవరికీ లేదు.

పెళ్లి ముగిసిన వారంలోనే సంచాలకులవారి ఉత్తర్వు వెలువడింది. "దీపం ఆరిపోయిందని మనం అనము, కొండెక్కినదని అందుము. వెళ్తానని అనము, వెళ్లివస్తానని అందుము. ఇంతటి వాక్సంస్కారము గల జాతికి సేవ చేయుచున్న యంత్రములు, వేళాపాళా లేక, ప్రమాదమనియు ప్రాణములనియు బహిరంగముగా కేకలు వేయుట మండలి గౌరవమునకు భంగకరము. కావున ఇకమీదట సమస్త కేంద్రముల నుండి మంగళకరమైన పదజాలము మాత్రమే ప్రసారము కావలెను."

ఆ పదజాలాన్ని నిర్ణయించడానికి ఒక సంఘం ఏర్పడింది. విశ్రాంత సంస్కృతోపన్యాసకులు మంథా వైకుంఠశర్మ గారు సలహాదారు. పెట్టెలలోని సందేశాలను మార్చగలిగిన ఏకైక వ్యక్తి సహాయ ఇంజనీరు తవిటినాయుడు కనుక అతనికి గోడవార కుర్చీ వేశారు.

"ప్రమాదం అనవచ్చునా?" అని సంచాలకులవారు ప్రారంభించారు.

"కూడదు. విశేషం అనండి," అన్నారు శర్మగారు.

"పొంగింది?"

"పొంగడంలో దోషం లేదు. గృహప్రవేశానికి పాలు పొంగిస్తున్నాం కదా. కాని గెడ్డ అన్న మాట మోటు. గంగమ్మతల్లి అంటే గాంభీర్యం వస్తుంది. తల్లి పొంగింది అనడం బాగుండదు కనుక, విచ్చేస్తున్నది అనాలి."

"మునిగిపోవడం?"

"తరించడం."

"రక్షించండి?"

"రక్షణ కోరడమంటే ఆపద ఉన్నదని ఒప్పుకోవడమే. ఆశీర్వదించండి అంటే సరిపోతుంది."

తవిటినాయుడు లేచి నిలబడ్డాడు. "వెంటనే గట్టెక్కండి అన్నది ఉంచుదామండి. అది లేకపోతే జనానికి ఏం చెయ్యాలో తెలీదండి."

"గట్టెక్కడమంటే కష్టం లోంచి బయటపడడం. కష్టం లేనిదే గట్టెక్కడం ఎక్కడిది?" అన్నారు శర్మగారు.

"పైగా మనది పరిశీలక మండలి, నాయుడూ," అని సంచాలకులవారు అందుకున్నారు. "మనం పరిశీలించి నివేదిస్తాం. ఏమి చేయాలన్నది ప్రజల విచక్షణకు వదిలివేయడం ప్రజాస్వామ్య లక్షణం."

పసుపు, నారింజ, ఎరుపు అని ఉన్న హెచ్చరిక స్థాయిలు ఆ పూటనే శుభం, మహాశుభం, కల్యాణంగా మారాయి. సైరను మోతకు బదులు సన్నాయి పెట్టారు. సందేశం ఇంతవరకు మూడు మార్లు వినిపిస్తున్నదని తెలిసినప్పుడు శర్మగారు చెవులు మూసుకున్నారు. మూడు మంచి సంఖ్య కాదు. మంచి సంఖ్య ఏదన్న విషయంలో సంఘంలో భిన్నాభిప్రాయం లేకపోయింది. నూటపదహారు.

"అన్నిసార్లు పలికితే బ్యాటరీ చచ్చిపోతుందండి," అన్నాడు తవిటినాయుడు.

"విశ్రమిస్తుంది," అని సరిదిద్దారు సంచాలకులవారు. "పెద్ద బ్యాటరీ మంజూరు చేద్దాం."

తవిటినాయుడు కొండ ఎక్కాడు. పెట్టె మూత తీసి, ల్యాప్‌టాప్ తగిలించి, పాత సందేశం తుడిచి కొత్తది ఎక్కించాడు. నీటి హద్దును ఎవరూ ముట్టుకోమనలేదు కనుక దాన్ని అలాగే ఉంచి దిగి వచ్చాడు.

శ్రావణంలో మొదటి పెద్దవాన పడినప్పుడు తురాయివలస వంతెన దగ్గర సన్నాయి మోగింది. వంతెన మొదట్లో టీ దుకాణం నడిపే గురువులు అనే అతను గ్లాసు చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఏటే పారమ్మా, ఆ మేళవేటి?"

"ఎవులిదో పెల్లి గావాల," అన్నది పారమ్మ గెడ్డలోంచి.

సన్నాయి తీరుబడిగా ఒక కీర్తన ముగించింది. తరువాత మైకు ఇలా పలికింది: "సకల శుభములు కలుగుగాక. ప్రధాన సంచాలకులు శ్రీ ధన్వాడ చిదంబరం గారి శుభాశీస్సులతో, తురాయివలస గ్రామ ప్రజలకు ఒక విశేషం. గంగమ్మతల్లి కొండ దిగి, మహాశుభ స్థాయిలో, తమ గ్రామానికి విచ్చేస్తున్నది. తల్లి కరుణకు పాత్రులు కండి."

"పెల్లి కాదే. గంగమ్మ తల్లి వొస్తందంట."

"వొచ్చి ఏటి సేస్తాదంట?"

"అది సెప్పనేదు."

మళ్లీ సన్నాయి మొదలయింది. తల్లి వస్తున్నదని విని ఊరకుండడం ఆ ఊరి ఆడవాళ్ల మర్యాద కాదు. పసుపు, కుంకుమ, హారతి పళ్లాలు తీసుకుని వాళ్లు గెడ్డ అంచుకు వచ్చారు. మైకు ఇంకేమైనా చెబుతుందేమోనని పారమ్మ మడుగులో చెవి ఒగ్గి నిలబడే ఉన్నది. సందేశం నాలుగోసారి శుభములు కలుగుగాక అంటుండగా తల్లి విచ్చేసింది.

మనుషులు ఒకరి కొంగు ఒకరు పట్టుకుని ఎలాగో గట్టున పడ్డారు. హారతి పళ్లాలు పోయాయి. పారమ్మ బాతుల్లో సగం పోయాయి.

ఈ సంఘటనపై మండలి తయారుచేసిన సమీక్ష సంతృప్తికరంగా ఉన్నది. "గతంలో మండలి సందేశము వినినంతనే ప్రజలు గెడ్డకు వెన్ను చూపి పరుగిడెడివారు. నూతన విధానములో వారు హారతులతో ఎదురేగుచున్నారు. ప్రజలకును మండలికిని నడుమ ఇట్టి సాన్నిహిత్యము మునుపెన్నడును లేదు."

పారమ్మ బస్సెక్కి నగరానికి వచ్చింది. తవిటినాయుడిది పక్క ఊరే కావడం వల్ల, ఆమెను అడ్డుకున్న బంట్రోతుకు సర్దిచెప్పి, సంచాలకులవారి గదిలోకి తీసుకువెళ్లాడు. శర్మగారు అప్పటికే అక్కడ కాఫీ తాగుతున్నారు.

"బాబూ, నా బాతులు సగం కొట్టుకుపోనాయి. మిగిల్న సగమైనా దక్కాలంటే ఆ పాత మాట మల్లీ పెట్టించండి. నాకింకేటీ వొద్దు."

సంచాలకులవారు నొచ్చుకున్నారు. "కొట్టుకుపోయాయి అనకూడదమ్మా. జలవిహారానికి వెళ్లాయి అను."

"ఎల్లినోలు తిరిగి రావాల గదా బాబూ."

"వెళ్లివస్తామని వెళ్లాయనుకో తల్లీ," అన్నారు శర్మగారు ఓదార్పుగా.

"బాతులు సెప్పి ఎల్తాయేటి?"

బాతుల ప్రయాణాలు శాస్త్ర పరిధిలోకి రానందువల్ల శర్మగారు కాఫీ ముగించారు. సంచాలకులవారు ఆమె విన్నపాన్ని ప్రాంతీయ కేంద్రాలన్నిటికీ తెలియజేసి అభిప్రాయాలు రాబట్టవలసిందిగా ఆదేశించారు. తవిటినాయుడు ఆ పని చేశాడు. ఆమె మాటలను ఆమె అన్నవి అన్నట్టే పంపాడు. ఆ సాయంత్రం మండలి తెరలన్నిటి మీదా 'కొట్టుకుపోనాయి' అన్న పదం వరసగా వెలిగింది. దరిమిలా రెండో ఉత్తర్వు వచ్చింది. గుమ్మకొండ మీది అంచె కేంద్రంలో ఒక పదాల జల్లెడ అమర్చాలి. ఎవరు ఏ కేంద్రం నుండి ఏమి పంపినా, అశుభమైన మాటను ఆపి, దాని స్థానంలో సంఘం ఆమోదించిన మాటను చేర్చి, అంచె ముందుకు పంపాలి. సంచాలకులవారి సందేశాలకు కూడా మినహాయింపు లేదని ఆయనే స్వహస్తంతో చేర్చారు. ఉత్తర్వు ఇచ్చినవాడే ముందుగా దానికి కట్టుబడి ఉండాలన్నది ఆయన సిద్ధాంతం.

ఆ రోజు బస్టాండులో తవిటినాయుడు పారమ్మకు టీ ఇప్పించాడు.

"నానేటి సెయ్యగల్ను అత్తా. పెట్టె నా సేతిలో ఉంది గాని మాట ఆల సేతిలో ఉంది."

"పోన్లే నాయుడూ. ఆ సన్నాయైనా తియ్యకండి."

"అదెందుకు నీకు?"

"అది మోగితే పరిగెట్టాలని ఇప్పుడు తెలిసింది గదా. ఎంత మంచిమాట సెప్తే అంత బేగి పరిగెట్టాల."

ఊరు మొత్తానికి ఈ జ్ఞానం కలగడానికి ఎంతో కాలం పట్టలేదు. శుభమంటే మోకాలి లోతు, మహాశుభమంటే మెడ లోతు, కల్యాణమంటే ఇంకేమీ మిగలదు అని పసిపిల్లలకు కూడా తెలిసింది. దీనివల్ల కొన్ని చిక్కులు ఏర్పడ్డాయి. గురువులు మేనల్లుడి పెళ్లిలో సన్నాయి ఊదగానే పంక్తిలో కూర్చున్నవారు విస్తళ్లు వదిలి మెట్ట మీదికి పరుగెత్తారు. కొత్త దంపతులను కల్యాణమస్తు అని దీవించిన పురోహితుణ్ణి పెళ్లికూతురి మేనమామ చొక్కా పట్టుకుని, మా పిల్ల నిన్నేమన్నదని అడిగాడు. ఎవరి ఆవైనా చనిపోతే దానికి విశేషం జరిగిందని చెప్పుకోసాగారు. మనుషులు ఒకరినొకరు శపించుకోవలసి వస్తే, నీకు సకల శుభములు కలుగుగాక అని నోరారా అనేవారు. పారమ్మ మటుకు మిగిలిన బాతులను కంటికి రెప్పలా కాచుకుంటూ, గెడ్డలో ఉన్నంతసేపూ ఒక చెవి మైకు వైపు వేసి ఉంచేది.

ఆశ్వయుజంలో మండలి ఈ విధానపు విజయోత్సవం తలపెట్టింది. తురాయివలసలో గెడ్డ ఇసుకను మించిన విశాలమైన చదును లేదు కనుక సభ అక్కడే. ఇసుకలో ఎత్తయిన చెక్క వేదిక కట్టారు. వేదిక మీద సంచాలకులవారి చేతుల మీదుగా ప్రారంభం కావలసిన కొత్త కేంద్రం నిలబెట్టారు. సిబ్బంది స్వయంగా సందేశాలు కొట్టి పంపడానికి దానికి మీటల పలకా, జవాబులు చూడడానికి చిన్న తెరా ఉన్నాయి. ఊరి జనం వచ్చి ఇసుకలో కూర్చున్నారు. కాస్త ఎగువన పారమ్మ బాతులు మడుగులో తిరుగుతున్నాయి.

సంచాలకులవారు ప్రసంగ పాఠంలో రెండో పుట తిప్పుతుండగా గట్టు మీది మైకులో సన్నాయి మోగింది. "సకల శుభములు కలుగుగాక," అని మొదలయింది మైకు. గంగమ్మతల్లి కల్యాణ స్థాయిలో విచ్చేస్తున్నదని చెప్పడం పూర్తయ్యేసరికి ఇసుకలో జనం లేరు. పారమ్మ కేకలు వేస్తూ బాతులను గట్టెక్కిస్తున్నది. ముందూ వెనకా చూసుకోకుండా, ఒకరి మీద ఒకరు పడకుండా, ఊరు ఊరంతా గట్టు మీదికి చేరింది.

"ఎంతటి క్రమశిక్షణ," అన్నారు సంచాలకులవారు మురిసిపోతూ. "హారతి పళ్లాలు తేవడానికి వెళ్లారు."

తవిటినాయుడు వేదిక అంచుకు వచ్చాడు. "అయ్యా, కల్యాణమండి."

"విన్నాం నాయుడూ. సమయానికి తగినట్టు వచ్చింది."

"మనం కూడా లేచి... కాస్త అటు, ఎత్తుగా ఉన్న వైపు నుంచి, తల్లికి ఎదురేగితే బాగుంటుందండి."

"అధ్యక్షుడు వేదిక దిగితే సభ ముగిసినట్టు లెక్క. ప్రసంగంలో ఇంకా ఐదు పుటలున్నాయి."

శర్మగారు బాల్యంలో ఏటి ఒడ్డున పెరిగినవారు. పంచె పైకి దోపుకుని, చెప్పులు చేతబట్టుకుని లేచారు. "నేను వెళ్లివస్తాను," అని ఆయన చెప్పిన సెలవు సంప్రదాయబద్ధంగానే ఉన్నా, ఆ వేగంలో సంప్రదాయం కనబడలేదు. పదండి అని తవిటినాయుడు ఆయన రెక్క పుచ్చుకుని గట్టెక్కించాడు. మళ్లీ వెనక్కి దిగబోయేసరికి దిగడానికి ఇసుక లేదు.

సంచాలకులవారు తల ఎత్తి చూసేసరికి వేదిక చుట్టూ ఎర్రనీరు సుడులు తిరుగుతున్నది. ఆ హోరులో ఆయన కేక గట్టుకు చేరలేదు. జేబులో ఫోనున్నది; అక్కడ అది పలకదు. ఆయన కొత్త కేంద్రం దగ్గరికి వెళ్లి, దాన్ని ప్రారంభోత్సవం లేకుండానే ప్రారంభించి, మీటల మీద ఇలా కొట్టారు: "ప్రమాదంలో ఉన్నాను. మునిగిపోతున్నాను. రక్షించండి."

గుమ్మకొండ మీది అంచె ఆ సందేశాన్ని అందుకున్నది, జల్లించింది, చేరవలసిన చోట్లన్నిటికీ చేరవేసింది. గట్టు మీది మైకులో సన్నాయి వాయించి, "ప్రధాన సంచాలకులవారు విశేషంలో ఉన్నారు. తరిస్తున్నారు. ఆశీర్వదించండి," అని ప్రకటించింది.

జిల్లా అగ్నిమాపక కార్యాలయం నుండి జవాబు తెర మీద వెంటనే కనబడింది: "హృదయపూర్వక అభినందనలు. మా సిబ్బంది యావన్మందీ తమ ఆనందంలో పాలుపంచుకుంటున్నారు."

నీరు వేదిక మీదికి వచ్చింది. సంచాలకులవారు జీవితంలో మొదటిసారి శషభిషలు లేని భాషలో కొట్టారు: "మూర్ఖుల్లారా, చచ్చిపోతున్నాను."

"మహాశయులారా, పరమపదానికి విచ్చేస్తున్నాను," అని వెళ్లింది.

దీనికి ప్రధాన కార్యాలయం స్పందించింది: "శుభప్రయాణం సర్. అక్కడ బస ఏర్పాటు చేయవలసి ఉంటుందా? ఎన్ని రోజుల మకాం?"

గట్టు మీద గురువులు చెవి దగ్గర చేయి పెట్టుకున్నాడు. "ఏటంతంది మైకు?"

"తరిస్తన్నాడంట," అన్నది పారమ్మ.

"అయ్యో పాపం."

"పరమపదం దాకా ఎలిపోనాడంట. సూస్తారేటి, తాల్లు తెండి. నాయుడూ, నా బాతుల్ని కనిపెట్టుకోని ఉండు."

తురాయివలసలో ఆ భాష రానివారు ఎవరూ లేకపోవడం వల్ల మరొక మాట అవసరం కాలేదు. నలుగురు లారీ ట్యూబులు దొర్లించుకు వచ్చారు. వంతెన స్తంభానికి తాడు కట్టి, ట్యూబు మీద గురువులు కిందికి జారాడు. పారమ్మ మరి పదిమందితో కలిసి తాడు పట్టి నిలబడ్డది. మీటల పలకను రెండు చేతులా కావలించుకుని ఉన్న సంచాలకులవారిని విడదీసి ట్యూబులోకి దింపడమే కొంచెం కష్టమయింది. లాగుతున్నంతసేపూ మైకు మానలేదు. మంజూరయిన పెద్ద బ్యాటరీ నిజంగా పెద్దది. సంచాలకులవారు తరిస్తున్నారన్న వార్తను అది నూటపదహారు మార్లు, ప్రతి మారూ సన్నాయితో సహా, వినిపించింది. సన్నాయి మొదలయినప్పుడల్లా ట్యూబులో ఉన్న ఆయన ఒళ్లు జలదరించడం తాడు పట్టుకున్నవారి చేతులకు తెలిసింది.

గట్టు మీద ఆయనకు తుండుగుడ్డ కప్పి, వేడి టీ ఇచ్చారు. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఆయన కళ్లకు మనుషులు కనబడడం మొదలయింది. ఎదురుగా తాడు చుట్ట చుడుతున్న ఆడమనిషిని గుర్తుపట్టారు.

"అమ్మా, నీ బాతులు ఎలా ఉన్నాయి?"

పారమ్మ తాడు కింద పెట్టింది. తవిటినాయుడు అప్పుడే లెక్క చూసి అన్నీ ఉన్నాయని చెప్పాడు. పెద్దాయన దగ్గర మోటుగా మాట్లాడకూడదని, పైగా చచ్చి బతికిన మనిషిని నొప్పించకూడదని, ఆమె ఆయన ఆఫీసులో మెచ్చే మాటనే జాగ్రత్తగా ఏరుకున్నది.

"సుబంగా ఉన్నాయి బాబూ."

ఆ మాటకు తురాయివలస అర్థాన్ని నీళ్లలో నేర్చుకుని వచ్చిన సంచాలకులవారి ముఖం పాలిపోయింది. "ఎన్ని?"

"అన్నీనూ."

ఆయన గ్లాసు పక్కన పెట్టి, తడిసిన పంచె సర్దుకుంటూ మెల్లగా లేచారు. చేతులు కట్టుకుని, తల వంచి, చనిపోయినవారికి నివాళిగా మౌనం పాటించారు. వెనక మెట్ట మీద బాతులన్నీ ఒక్కసారిగా అరవడం మొదలుపెట్టాయి. మౌనానికి భంగం కలుగుతున్నదని ఆయన అటు చూడకుండానే చేయి వెనక్కి చాచి, నిశ్శబ్దంగా ఉండవలసిందిగా వాటికి సైగ చేశారు.